సాంబయ్య కంటి చుక్కలు

నాకు కోపం ఎక్కువ. కరోనా రెండోసారి వచ్చిన ఆ మే నెలల ఇంకింత ఎక్కువైంది. పొద్దుగాల ఆరు నుంచి పది దాకనే బయట తిరగనిచ్చేటోళ్లు. గా నాలుగు గంటలల్ల సిద్దిపేట బస్టాండు చుట్టుపక్కల షట్టర్ల కింద పండుకునేటోళ్ల కండ్లన్నీ చూడాలె. ఇరవై ఏండ్ల సంది కంటి దవాఖానల పని చేస్తున్న గని, గంత యాష్ట ఎన్నడూ రాలే. నలుగురం పోవాలని పెట్టిన్రు. ముగ్గురు జరమొచ్చి పడ్డరు. మిగిలింది నేనొక్కదాన్నే.

సాంబయ్య తాత మూసేసిన చెప్పుల దుకాణం ముందల ఉండేటోడు. చేర్యాల దిక్కు మనిషి, ఇల్లు లేదు, ఎవ్వలూ లేరు. బస్సులు నడిచినన్ని దినాలు బస్సులల్ల పల్లీలు అమ్మేటోడు. ఎడమ కన్ను ఎన్నడో పోయింది. కుడి కంట్ల ఒత్తిడి ఉండె, దినాం రెండు పూటలు చుక్కలేస్తెనే ఉన్న చూపన్న నిలుస్తది. "మందు మండుతది తాత, ఓర్చుకోవాలె. మండుతుందని మానేసినవో, నా చేతుల అయిపోతవ్ సూడు" అని ఎన్నిసార్లు కసిరిన్నో.

అప్పుడు శానిటైజర్‌కు చిన్న సీసాలు దొరకకపాయె. నాకో తెలివొచ్చింది. దవాఖానల ఖాళీ అయిన చుక్కల సీసాలు బొచ్చెడున్నయ్. ఎవ్వలనూ అడగకుంటనే అవి కడిగి, శానిటైజర్ పోసి, షట్టర్ల కిందోళ్లందరికీ పంచిన, తాతకు గూడ ఒకటిచ్చిన. జేబుల పడ్తయి, ఒలకవు. ప్రతి సీసా మీద "చేతులకు మాత్రమే" అని కాగితం రాసి అతికించిన. నా తెలివి మన్నుల కలవ! చూపు ఆననోళ్లకు కాగితం అతికించిన.

మూడో రోజు పోయేసరికి తాత మోకాళ్ల మీద తల పెట్టుకొని కూసుండు.

"ఏంది తాత, ఇంకా నిద్రనేనా? లెవ్వు, పది కావస్తుంది" అని గదమాయించిన.

తలెత్తిండు. కన్ను పండు మిరపకాయ లెక్క ఉన్నది. పక్కన మూత తీసిన సీసా, దాని మీద నా కాగితం.

"ఇదేసుకున్నవా కంట్ల?"

"నిన్న మాపటికొకసారి, ఇయ్యాల పొద్దుగాలొకసారి. మస్తు మండింది బిడ్డా. నువ్వు ఓర్చుకోమన్నవ్ కద, ఓర్చుకున్న."

"వాసన గూడ రాలేదా?"

"వాసనలు పోయి పది రోజులాయె."

ముసలోడు జరం గూడ ఒక్కడే పడ్డడన్నట్టు, ఎవ్వలకూ చెప్పలే. నీళ్ల క్యాను గుంజుకొచ్చి, తల వంచి, అరగంట కడిగిన. స్కూటీ మీద ఎక్కించుకొని దవాఖానకు తీస్కపోయిన. రాధాకిషన్ డాక్టరు మందేసి పట్టీ కట్టి, "ముందే అరిగిపోయిన కన్ను. నాలుగు రోజులాగి చూద్దాం" అన్నడు. బయట నలభై మంది నిలబడ్డరు, ఏమైంది ఎట్లయింది అని ఆయన అడగలే. శానిటైజర్ పడ్డదని చెప్పి నేనూ ఊకున్న.

గా నాలుగు రోజులు తాతను దవాఖాన వరండాలనే పండబెట్టిన. చెప్పాలె, ఇయ్యాల చెప్పాలె అనుకుంటనే తిరిగిన. సిగ్గైతుండె, భయమైతుండె. ఒంట్ల సత్తువ లేక తప్పు ఒప్పుకునుడు గూడ రేపటికి రేపటికి జరుపుతున్న.

నాలుగో రోజు పట్టీ తీసిన్రు. ఇంతకుముందు రెండు గజాల దూరంల వేళ్లు లెక్కపెట్టేటోడు. ఇప్పుడు ముక్కు ముందల చెయ్యి ఊపితేనే తెలుస్తుంది.

"చుక్కలు ఆపకుంట ఏస్తే ఈ మాత్రమన్న నిలుస్తది" అన్నడు డాక్టరు. చుక్కలున్నయా అని తాత సంచిల చెయ్యి పెట్టి, నా కాగితమున్న సీసా తీసి చూసిండు. "చుక్కల సీసల శానిటైజర్ పోసిన తెలివితక్కువోడెవడు? ఎవలిచ్చిన్రు నీకు? మనోళ్లయితే ఇయ్యాలనే తీసేయిస్త."

నేను నోరు తెరిచిన. నాకన్న ముందుగాల తాత అందుకున్నడు.

"ఎవలియ్యలే సారు. బస్టాండుల దొరికితే నేనే ఏరుకున్న."

వరండాలకు రాంగనే నాకు ఏడుపాగలే. "అబద్ధమెందుకు చెప్పినవ్ తాత? నేనే కద ఇచ్చింది! నీ కన్ను నేనే తీసిన!" అని అరిచిన.

"మెల్లగ బిడ్డా, సారు వింటడు" అన్నడు. "నిన్ను తీసేస్తే నా తానకు మల్ల ఎవలొస్తరు?"

అని, గోడకు ఒరిగి, మొకం పైకెత్తి, చుక్కల కోసం కన్ను తెరిచిండు.