పడుగు ఆరేదాకా

మా పెళ్లయిన ఏడాదే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మా ఊరు గుడియాత్తం మాత్రం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. వీధిలో అందరూ దాని గురించి వాదించుకుంటుంటే నేను స్పానిష్ క్రియలు వల్లిస్తున్నాను. వేలూరు కాన్వెంటులో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక సిస్టరు నాకు పాఠాలు చెబుతోంది. ఎందుకు నేర్చుకుంటున్నావంటే, బాగుంది కాబట్టి. అది చాలినంత కారణమేనని ఒప్పుకున్నది మా ఆయన రంగరాజులు ఒక్కరే.

ఆ ఆదివారం మా అత్త కన్నియమ్మ లుంగీల నేతకు పడుగు దారాలను వీధి పొడవునా చాపించి గంజి పట్టిస్తోంది. ఆరకముందే చినుకు పడితే దారాలన్నీ అంటుకుపోయి పడుగు పాడవుతుంది. అందుకని పడుగు వీధిలో ఉన్నంతసేపు మావాళ్లు వాన మాట ఎత్తరు. ‘పై మామ’ అంటారు.

నేనేమో అరుగు మీద కూర్చుని మర్నాటి పాఠం కోసం ఆ వాననే వల్లిస్తున్నాను. ‘ల్యోవియేరా, ల్యోవియేసే.’ కురవని వానను కురిస్తే అని ఊహించుకునే రూపం. ఈ క్రియకు నేనూ లేను, నువ్వూ లేవు. వానదంతా దాని ఇష్టమే! నాకది ఎంత నచ్చిందో.

“ఏమమ్మా, పెదాలాడతా ఉండాయి? ఏం మంత్రం?” అంది అత్త.

“స్పానిష్ అత్తా.”

“అర్థం?”

లత్తేరి ఊరి వైపు నల్లటి మబ్బు లేస్తోంది. పడుగు పక్కన గంజి కుంచె పట్టుకున్న మా ఆయన, చెప్పొద్దని కళ్లతో బతిమాలుతున్నారు. నాకు అబద్ధం నోటికి రాలేదు.

“పై మామ వస్తే... అని.”

గంజి కుంచెలు ఆగిపోయాయి. “అయ్యయ్యో! ఆ మాట అన్నోళ్లే ఆరేదాకా పడుగు కొస కర్ర పట్టుకోవాల!” అని పక్కింటి తంగమ్మ చప్పట్లు కొట్టింది.

“తెలుగులో అనలేదు గదా,” అన్నాను.

“పైనుండే ఆయనకు అన్ని భాషలూ వస్తాయిలే. లెయ్,” అంది అత్త.

చీర చెంగు దోపుకుని కర్ర పట్టుకున్నాను. పెళ్లాం తప్పులో మొగుడికీ పాలుందట, అవతలి కొస ఆయన చేతికిచ్చారు. మబ్బు మా నెత్తిమీదికి వచ్చేసింది. ఎండ పోయింది. నాకు నిజంగానే భయమేసింది. అంతలో గాలి లేచింది. దారాలు సన్నగా వణుకుతూ ఆరసాగాయి.

అత్త పడుగంతా తడుముకుంటూ వచ్చింది. “ఆరింది. చుట్టురా నాయనా!”

నేను బిగించి పట్టుకున్నాను. ఆయన అవతలి నుంచి పడుగు చుట్టుకుంటూ, చుట్టేకొద్దీ నా దగ్గరికి నడిచి వస్తున్నారు, మూతి మీద నవ్వు దాచుకోలేక.

“యాడ చూస్తా ఉండావురా? పడుగు వదులవతా ఉండాది!” అని అత్త అరిచింది.