పిలిస్తే వచ్చిన పిట్ట

ఆ పిట్ట గోదాములోకి వచ్చింది నావల్లే. ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

ధాన్యం గోదాములో గింజలు పరీక్షించడం నా పని. మొన తేలిన ఇనప గొట్టం బస్తాలో గుచ్చి, గుప్పెడు గింజలు తీసి, తెల్లకాగితం మీద పోసి, తేమ ఎంత, నూక ఎంత, పురుగుందా లేదా చూసి రాస్తాను. కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన చదువు నన్ను ఇక్కడిదాకా తెచ్చింది. గోదాముకి పెద్ద మా బావమరిది. వాళ్ళక్క పోయిన ఆర్నెల్లకి తనే నన్ను ఇందులో పెట్టాడు. "ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే నువ్వూ గోడవైపోతావు బావా" అన్నాడు.

మధ్యాహ్నం తిండి తిన్నాక వెనక అరుగు మీద కూర్చుంటాను. అరుగు దిగితే ముళ్ళపొదలు. పెదవులు బిగించి పళ్ళ సందునుంచి గాలి వదులుతూ "ప్ష్... ప్ష్... ప్ష్‌ప్ష్‌ప్ష్" అంటే పొదల్లోని పిట్టలు బయటికొస్తాయి. పక్షుల్ని చూసేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే ఇది. పాముని చూసి గొడవ చేస్తున్న చిన్నపిట్ట గొంతులా ఉంటుందట. సంగతేమిటో చూద్దామని మిగతావి చేరతాయి. మా ఆవిడ ఉన్నప్పుడే నేర్చుకున్నాను. "పసిపిల్లల్ని పాసుకి కూర్చోబెట్టినప్పుడు చేసే చప్పుడండీ అది. పిట్టల సంగతి తెలీదుగానీ నేను మాత్రం లేచి వెళ్ళాలి" అని నవ్వేది.

ఇప్పుడు ఇంట్లో ఎంత గట్టిగా దగ్గినా ఏమిటని అడిగేవాళ్ళు లేరు. ఇక్కడ నోటితో చిన్న చప్పుడు చేస్తే ఏదో ఒకటి వస్తుంది. రోజూ వచ్చేది ఒక బూడిదరంగు పిట్ట. బొటనవేలంత ఉంటుంది. రెండు బారల దూరంలో వాలి, తోక నిక్కబొడిచి, "టిక్ టిక్" అని నన్ను నాలుగు తిట్టి పోతుంది. ఆ తిట్లకి నేను బాగా అలవాటుపడ్డాను.

పోయినవారం మూడో వరస బస్తాల్లో ముక్కుపురుగు కనిపించింది. గుప్పెడు గింజలకి ఐదు, అన్నీ ప్రాణంతో. "పొగమందు పెట్టాలి" అని రాసి సంతకం చేశాను. ఇవాళ మందు మేస్త్రి వచ్చాడు. తలుపులూ వెంటిలేటర్లూ సందు లేకుండా టేపు వేసి మూసి, బస్తాల మధ్య బిళ్ళలు పెడతాడు. వాటినుంచి విషపు గాలి పుడుతుంది. వారందాకా ఎవరూ తెరవకూడదు.

"ఊపిరున్నది ఏదీ మిగలదు సార్" అన్నాడు, వంటమనిషి తన చేతివంట గురించి చెప్పుకున్నట్టు.

భోజనాల వేళ అతనూ అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. నేను నోటితో చప్పుడు చేయడం, పిట్ట రావడం చూసి, "ఇదేదో దానికి తిండి అలవాటు చేసినట్టున్నారు" అన్నాడు.

"గింజ కూడా పెట్టలేదు."

"అయితే ఎక్కణ్ణుంచి పిలిచినా వస్తుందా?"

అక్కడ ఊరుకోవలసింది. నన్ను మెచ్చుకునే మనిషి దొరికి చాలాకాలమైంది. లేచి గోదాము తలుపులో నిలబడ్డాను. పిలుస్తూ రెండడుగులు వెనక్కి వేశాను. ఇంకో రెండు. పిట్ట గడప మీద వాలింది. నేను ఇంకా లోపలికి జరిగాను. అది మొదటి బస్తామీదికి దూకింది.

"వారెవ్వా!" అని మేస్త్రి చప్పట్లు కొట్టాడు.

పిట్ట బాణంలా కప్పు కిందికి పోయింది.

అక్కడ ఇనప దూలాలు, ఎత్తుమీద వరసగా వెంటిలేటర్లు, వాటికి బిగించిన జాలీలు. వెలుగున్న ప్రతిచోటికీ పోయి జాలీకి కొట్టుకుని మళ్ళీ దూలం మీదికి చేరింది. చీపురు ఊపాం, డబ్బా వాయించాం. ఇంకా పైకి పోయింది. ఈ హడావుడికి మా బావమరిది వచ్చాడు.

"ఒక్కడివే కదా అని ఉద్యోగంలో పెట్టాను బావా. చుట్టాల్ని కూడా దించావా?"

"ఇవాళ్టికి ఆపుదామా?" అన్నాను.

వాడు నవ్వడం మానేశాడు. "పురుగుందని రాసింది నువ్వేగా. ఈయన మళ్ళీ పదిహేను రోజులకిగానీ దొరకడు. అప్పటికి గోదాములో పిండి తప్ప ఏముంటుంది?"

నా సంతకం నాకే అడ్డం నిలబడింది. గడియారం రెండున్నర చూపిస్తోంది. నాలుగింటికి బిళ్ళలు పెట్టి వెళ్ళిపోవాలి అన్నాడు మేస్త్రి. కానీ చప్పట్లు కొట్టిన పాపం తన చేతులకీ అంటిందనుకున్నాడో ఏమో, ఉపాయం కూడా అతనే చెప్పాడు. "ముందు వెంటిలేటర్లు మూసేస్తాను. ఎలాగూ మూయాల్సినవే. లోపల చీకటైతే వెలుగు తలుపులోనే ఉంటుంది. మీరు బయట నిలబడి పిలవండి."

నిచ్చెన వేసుకుని ఒక్కొక్క వెంటిలేటరూ మూసుకుంటూ పోయాడు. ఒక్కొక్కటి మూసినప్పుడల్లా గోదాము ఇంకాస్త చిన్నదైనట్టుంది. చివరిది మూశాక తలుపు ముందు పరుచుకున్న వెలుగు తప్ప లోపలేమీ కనిపించలేదు.

నేను తలుపు పక్కన బయట నిలబడి పిలిచాను. పెదవులు ఎండిపోయేదాకా పిలిచాను. నీళ్ళు తాగి మళ్ళీ పిలిచాను. మూడున్నర దాటింది. పొదల్లోంచి వేరే పిట్టలు నాలుగు వచ్చి చూసి పోయాయి. లోపలనుంచి రెక్క చప్పుడు కూడా లేదు.

"గుండాగి పోయిందేమో సార్" అన్నాడు మేస్త్రి మెల్లగా.

వినలేక లోపలికి నడిచాను. రెండు వరసల మధ్య ఒక మనిషి పక్కకి తిరిగితేనే పట్టే సందుంది. అందులో దూరి, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చున్నాను. గోనెల వాసన, దుమ్ము, ఉక్క. రెండువైపులా బస్తాలు వీపునీ రొమ్మునీ నొక్కుతున్నాయి. ఒక్కసారి మెల్లగా పిలిచాను.

"టిక్."

అంతే. తల పైన, చెయ్యి చాచితే అందేంత దగ్గర. అది కప్పు దగ్గర లేదు. ఎప్పుడో కిందికి దిగి, తలుపు వెలుగుకి ఎదురుగా బస్తా అంచున కూర్చుని ఉంది. నేను మళ్ళీ "ప్ష్" అన్నాను. వెలుగువైపు చాచిన మెడ లోపలికి ముడిచి, బస్తాకి అతుక్కుపోయింది.

అప్పుడు తట్టింది. పాముందహో అని చాటే గొంతు నాది. బయట వెలుగులో, దూరడానికి పొద ఉన్నప్పుడు ఆ గొంతు విని చూడ్డానికి వస్తుంది. చీకట్లో ఒంటరిగా ఉన్నప్పుడెందుకు వస్తుంది? గంటనుంచి ఉన్న ఒక్క తలుపు దగ్గరా నిలబడి, ఇటు రాకు, ఇటే ప్రమాదం అని దానికి చెబుతున్నది నేనే.

నోరు మూసుకున్నాను.

ఊరుకోవడం నాకు తెలియని పని కాదు. రోజూ ఇంట్లో చేసేదే. కానీ అక్కడ లేచి నీళ్ళ పంపు తిప్పొచ్చు, రేడియో పెట్టొచ్చు. ఇక్కడ గట్టిగా ఊపిరి తీయడానికి కూడా లేదు. చెమట కళ్ళలోకి దిగింది. కాళ్ళు మొద్దుబారి ఎవరివో అన్నట్టయ్యాయి. బయట బావమరిది, "ఏం చేస్తున్నాడయ్యా లోపల?" అంటే మేస్త్రి "ష్, ఉండండి" అన్నాడు. ఆ మనిషికి మనసులో దండం పెట్టుకున్నాను.

ఎంతసేపటికో పిట్ట తోక కదిలింది. ఒక బస్తా దిగింది. ఆగింది. ఇంకోటి. నేల మీద వెలుగు అంచున నిలబడి తల అటూ ఇటూ తిప్పింది. తర్వాత అక్కడ వెలుగొక్కటే ఉంది.

"పోయింది! పోయింది! అదిగో పొదలోకి!" అని బయట మేస్త్రి గొంతు. ఆ వెంటనే, "నాలుగు దాటిందయ్యా, కానియ్యి" అని బావమరిది గొంతు. మేస్త్రి మాస్కు తగిలించుకుని లోపలికొచ్చి, అవతలి వరసల్లో బిళ్ళలు పెట్టుకుంటూ తొందరగా బయటికి నడిచాడు. చీకట్లో నేనతనికి కనబడలేదు, నేను తేరుకునేలోపే దాటిపోయాడు. ఇద్దరూ పొదవైపు చూస్తున్నారు కదా, పిట్టతోపాటే నేనూ వచ్చేశాననుకుని ఉంటారు.

తలుపుకున్న షట్టర్ సగం దించి మేస్త్రి అడిగాడు, "లోపల ఎవరైనా ఉన్నారా?" మూడుసార్లు అడగాలని వాళ్ళకి నియమం.

లేవబోయాను. మోకాళ్ళు రాలేదు. పలకబోయాను. నోరు పెగల్లేదు.

"ఎవరైనా ఉన్నారా?"

రెండోసారికి నోరు పెగిలేదే. నేనే పలకలేదు. ఎందుకో సరిగ్గా చెప్పలేను. ఆ చీకటి మా ఇంటికంటే వేరుగా ఏమీ లేదు. షట్టర్ మోకాలెత్తుకి దిగింది. వెలుగు తాడంత సన్నమైంది.

"ఆఖరిసారి అడుగుతున్నా. ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను" అన్నాను.

షట్టర్ దడదడమని పైకి లేచింది. మా బావమరిది ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, బస్తాలకి గుద్దుకుంటూ సందుదాకా వచ్చాడు.

"ఉంటే ముందే పలకొద్దా బావా! అక్కకి నేనేం చెప్పుకోను?" వాళ్ళక్క లేదన్న సంగతి ఆ క్షణాన వాడికి గుర్తులేదు. "లే. కాళ్ళు పట్టేశాయా? నా మెడచుట్టూ చెయ్యి వెయ్యి. వేసి పట్టుకోవయ్యా, సిగ్గుపడతావేం!"

వేసి పట్టుకున్నాను.