ఉప్పు కరిగేదాకా

పైపు కోసే ముందు ఆయన దాన్ని ఒకసారి చేత్తో నిమిరాడు. పంపు గదిలో గొంతుక్కూర్చుని, జానెడు ముక్క కోసి తీసి, ఆ సందులో కొత్త పరికరాన్ని అతికించాడు. ఉప్పునీళ్ళు అందులోంచి పోతుంటే కరెంటు ఆ ఉప్పులోంచే క్లోరిన్ తీస్తుంది. ఇన్నాళ్ళూ ఆ పని ఆయన చేతులది. వారానికోసారి వచ్చి, తెల్లపొడి బకెట్లో కలిపి, ఈతకొలను చుట్టూ తిరుగుతూ పోసేవాడు. ఆ పొడి తగిలి చొక్కాలన్నిటికీ రంగు వెలిసిన మచ్చలే. “ఊరందరి నీళ్ళూ శుభ్రం చేస్తారు, ఇంటికి మాత్రం చుక్కల చొక్కాతో వస్తారు,” అంటుంది భార్య.

ఈ ఇంటి పెద్దావిడ ఒకప్పుడు నర్సు. ఆయన ‘అక్కా’ అంటాడు. మోకాళ్ళు అరిగిపోయిన ఆవిడ కర్ర లేకుండా నడిచేది నీళ్ళలోనే. పోయిన వానాకాలం నుంచి అదీ లేదు. దిగితే కళ్ళు మండుతున్నాయి. ఆయన పొడి తగ్గించి చూశాడు, నీళ్ళు పాచిపట్టాయి. పెంచాడు, ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. యంత్రమైతే వారానికి సరిపడా ఒకేసారి గుమ్మరించదు, రోజంతా కొంచెం కొంచెంగా ఇస్తుంది. ఆ మాట ఆవిడ కొడుకుతో చెప్పింది ఆయనే. అది వస్తే ఈ గేటు తనకు వారం వారం తెరుచుకోదని తెలిసే చెప్పాడు.

ఉప్పు బస్తాలు ఒక్కొక్కటే భుజాన వేసుకొచ్చి కొలనులో ఒంపుతున్నాడు. బస్తాకీ బస్తాకీ మధ్య గోడకు ఆనుకుని నిలబడుతున్నాడు.

“నన్ను ఊరబెట్టి జాడీలో పెడతావా ఏమిటయ్యా?” అంది పెద్దావిడ, కుర్చీలోంచి.

“కన్నీళ్ళలో ఉన్నంత ఉప్పు కూడా ఉండదక్కా.”

“అయితే నా కళ్ళకి పాత చుట్టమేలే. మీట నొక్కెయ్యి మరి, దిగుతా.”

“ఉప్పు కరక్కముందే నొక్కితే పరికరం పాడవుతుంది. రేపు పొద్దున వచ్చి నొక్కుతా.”

“నువ్వు గట్టు మీద నిలబడితేనే దిగుతా. ఇన్నాళ్ళయింది, భయంగా ఉంది.”

“నాకు ఈత రాదు కదక్కా.”

“నేను మునిగిపోతుంటే ఏం చేస్తావు?”

“కేకలేస్తా.”

ఆవిడ కర్రతో నేల మీద కొట్టి నవ్వింది. “యంత్రానికి ఉద్యోగం వేయించి, నువ్వు ఇంట్లో కూర్చుని ఏం చేస్తావయ్యా?”

“మచ్చల్లేని చొక్కా ఒకటి కొనుక్కుంటా.”

పొడుగాటి బ్రష్షుతో అడుగున పేరుకున్న ఉప్పును తోస్తూ కొలను చుట్టూ తిరిగాడు. మెట్ల మూలకు బ్రష్షు అందలేదు. ప్యాంటు మడిచి, చెప్పులతోనే రెండో మెట్టు దాకా దిగి, ఉప్పును కాళ్ళతో తొక్కి కరిగించాడు. ఆ రబ్బరు చెప్పులు ఈ ఇంట్లోనే ఉంటాయి. కొన్నప్పుడు నీలం, ఇప్పుడు ఏ రంగో చెప్పలేం. పని అయ్యాక అలవాటు కొద్దీ చెయ్యి పొడి డబ్బా కోసం వెళ్ళింది. డబ్బా ఖాళీ. మూత పెట్టి, దాన్ని ఒక మూలకు జరిపాడు.

“ఇదిగో అక్కా, ఈ మీట. పచ్చదీపం వెలగాలి.”

“నాకెందుకు? రేపు నువ్వొస్తావుగా.”

“చూసి ఉంచుకోండి.”

తడి చెప్పులు గట్టు మీద ఆరబెట్టి, బూట్లు తొడుక్కుని, బండిని గేటుదాకా నడిపించుకుంటూ వెళ్ళాడు.

మర్నాడు ఆయన రాలేదు. ఆయన భార్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది. నిద్రలోనే పోయాడట. చెప్పాల్సింది చెప్పాక కూడా ఆమె ఫోను పెట్టలేదు.

“రాత్రి అన్నం తింటూ మీ సంగతే చెప్పారమ్మా. రేపు అక్క నీళ్ళల్లోకి దిగుతుంది, నేను పక్కన నిలబడాలి అని.”

ఆయన్ను సాగనంపి వచ్చాక పెద్దావిడ ఒక్కతే పంపు గదిలోకి వెళ్ళి మీట నొక్కింది. పచ్చదీపం వెలిగింది. మరుసటి పొద్దున కొలను అడుగు నున్నగా కనిపించింది. ఉప్పు ఎక్కడా లేదు. కర్ర కుర్చీకి ఆనించి, కడ్డీ పట్టుకుని మెట్టు మెట్టూ దిగింది. నడుము దాకా వచ్చాక చెయ్యి వదిలి నాలుగడుగులు వేసింది. ఊపిరి బిగబట్టి, మునిగి, లోపలే కళ్ళు తెరిచింది. మండలేదు.

పైకి లేచి, ముఖం తుడుచుకుని, చెబుదామని గట్టు వైపు తిరిగింది. అక్కడ ఆయన చెప్పులు ఎండలో ఆరి ఉన్నాయి, అరిగిన గుంటల్లో ఒక్కో వేలి గుర్తూ తెల్లగా ఉప్పు కట్టి.