చెరువుకు తెచ్చిన నీళ్లు

రత్నమణి ఒక చంకలో బిడ్డను, ఇంకో చంకలో నీళ్ల బిందెను పెట్టుకుని మద్దికెరలో రైలెక్కింది. బిందె చిన్నదే, ఇత్తడిది. మూతికి పాతచీర గుడ్డ మడిచి కట్టి, మీద కొబ్బరిచిప్ప బోర్లించి, నారతాడుతో బిగించింది. రైలు కుదుపుకు చుక్క తొణకకూడదని దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది.

బయలుదేరేటప్పుడు అత్త విశ్వాసమ్మ గడపలో నిలబడి, "చెరువు చూడనీకి పోతా నీళ్లు మోసుకపోయేదాన్ని నిన్నే చూస్తాండా మే" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వుకో అత్తా. పడేది నేను కదా" అంది రత్నమణి.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. పోయిన ఎండాకాలం ఆదోనిలో చుట్టాల పెండ్లికి పోయినప్పుడు బిడ్డ సంతోషమ్మకు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. రెండేళ్ల పిల్ల. తెల్లారేసరికి కళ్లు గుంటలు పడిపోయాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్లు రావడం లేదు. కాంపౌండరు వచ్చి చూసి, "నీళ్లు పడలేదమ్మా" అన్నాడు. ఎట్లనో బిడ్డ బతికింది. ఆ మాట మాత్రం రత్నమణి గుండెలో దిగబడిపోయింది. అప్పటినుంచి తమ పాలెంలో మిషనోళ్లు తవ్వించిన బావి నీళ్లు తప్ప ఇంకో చుక్క బిడ్డ నోట్లో పడనివ్వలేదు. పక్కూరి చర్చికి పోయినా సీసాలో పోసుకునే పోయింది.

ఆమె పెనిమిటి ఏసేపు రైల్వేలో గ్యాంగుమేను. ఏడాదికొకసారి ఇంటిల్లిపాదికీ రైలు పాసు ఇస్తారు. తోటివాళ్లు ఆ పాసు మీద అత్తగారిళ్లకు పోతారు. ఆ యేడు కర్నూలు రాజధాని అయిందని అందరూ గుంపులు గుంపులుగా కర్నూలు చూసి వచ్చారు. ఏసేపు మాత్రం కంభం పోదామన్నాడు. పెండ్లికి ముందు కొన్నాళ్లు ఆ పక్క లైను మీద పని చేశాడట. పని దిగగానే పోయి చెరువు కట్ట మీద కూర్చునేవాడట. మామూలుగా నాలుగు మాటలు కలిపి మాట్లాడే మనిషి కాదు. ఆ చెరువు సంగతి ఎత్తితే మాత్రం అన్నం కలిపిన చెయ్యి ఎండిపోయేదాకా చెబుతూనే ఉంటాడు.

రత్నమణి రానంది. మళ్లీ అడిగితే మళ్లీ రానంది. అతను పాసును గూట్లో పెట్టాడు. ఒక పొద్దున ఆ పాసు తీసి, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి అక్కడే పెట్టడం ఆమె కంటబడింది. ఆమెకు నాలుగో తరగతి దాకా చదువొచ్చు. తమ్ముడు పుట్టాడని, ఎత్తుకునేవాళ్లు లేరని బడి మాన్పించారు. గూటి దగ్గరకు పోయి ఆ పాసు మీద 'భార్య' అన్న చోట తన పేరు చదువుకుంది. తన పేరు రైల్వేవాళ్లు రాయడం విచిత్రంగా అనిపించింది. "పోదాంలే. నీళ్లు మాత్రం మనవి తీసుకపోదాం" అంది.

రైల్లో ఎదుటి బల్ల మీద తలపాగా పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మద్దికెర దాటగానే మొదలుపెట్టాడు.

"యాడికప్పా పయనం?"

"కంభం" అన్నాడు ఏసేపు.

"పెండ్లా?"

"కాదు."

"చుట్టాలుండారా?"

"ఎవురూ లేరు. చెరువు చూడనీకి."

పెద్దాయన చుట్ట నోట్లోంచి తీశాడు. "ఊరికే చూడనీకా? మీ ఊర్లో చెరువు లేదా?"

"ఉండాది. నీళ్లే లేవు."

పెట్టెలో నలుగురూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, బిందె వైపు చూపించాడు. "మరి దాంట్లో ఏముండాది?"

ఏసేపు భార్య వైపు చూశాడు. చెప్పక తప్పలేదు. "మా ఊరి నీళ్లు" అన్నాడు.

ఈసారి పెట్టె పెట్టంతా నవ్వింది. రత్నమణి కొంగు ముందుకు లాక్కుని, బిందెను ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది.

వాళ్లు చెరువు చేరేసరికి బాగా పొద్దెక్కింది. వానలు ఆగిపోయి నెల కాలేదు, అప్పుడే ఎండ చురచురమంటోంది. స్టేషను దగ్గర మాట్లాడుకున్న జట్కా ఇంకా ఆగకముందే ఏసేపు కిందికి దూకాడు. నాలుగడుగులు ముందుకు పోయాడు, వెనక్కు వచ్చాడు, మళ్లీ పోయాడు. సొంత ఇల్లు చూపించేవాడి మాదిరి చెయ్యి చాచి, "ఎట్లుండాది?" అన్నాడు.

"బాగుండాది" అంది రత్నమణి.

ఆమె కళ్లు బిడ్డ కాళ్ల మీదున్నాయి. కట్ట రాళ్లు ఎక్కుడు దిగుడుగా ఉన్నాయి. అంచున కాలు జారితే ఏం గతి? నీళ్ల గాలి చెవుల్లోకి పోతే? ఏసేపు ఆమె ముఖం చూసి చెయ్యి దించేశాడు. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఆమెకు అంత బాధ ఉండేది కాదు.

కట్ట మీద కానుగ చెట్టు నీడలో ఒక ముసలామె ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతోంది. పేరు లక్ష్మక్క. పక్కనే మూడు రాళ్ల పొయ్యి, మీద మసిపట్టిన కుండ. అతను చూడబోయింది తూము, ఆమెకు కావలసింది నీడ. అందుకని రత్నమణి బిడ్డతో అక్కడ చతికిలబడింది, ఏసేపు తూము వైపు నడిచాడు.

"ఎవురింటికి వచ్చినారు పాపా?" అంది లక్ష్మక్క.

"ఎవురింటికీ కాదవ్వా. చూసిపోదామని."

"మంచిదే. చూసినోళ్ల సొమ్మేం పోతుంది" అంటూ గుప్పెడు కాయలు బిడ్డ ఒళ్లో పోసింది. సంతోషమ్మ ఉప్పుకాయలు చప్పరించి చప్పరించి తిన్నది. తిన్నకొద్దీ నీళ్లడిగింది. రత్నమణి గుడ్డ విప్పి, గ్లాసు అడుగున కొంచెం కొంచెం పోసి ఇచ్చింది. సాయంత్రం రైలు దాకా ఇవే రావాలి. బిందె వంచి చూసుకుంటే సగానికి పైగా అయిపోయాయి.

అంతలో బిడ్డ కడుపు పట్టుకుంది. రత్నమణి గ్లాసు పక్కన పడేసింది. ఎత్తుకుని కట్ట కిందికి, పొదల చాటుకు పరిగెత్తింది. ఏమీ లేదు, మామూలే. ఊపిరి పీల్చుకుని, శుభ్రం చేసి తిరిగొచ్చింది.

వచ్చేసరికి బిందె తళతళా మెరుస్తోంది. మూతి దాకా నీళ్లున్నాయి.

"చూడు పాపా ఎట్ల తోమినానో" అంది లక్ష్మక్క, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ. "చింతపండేసి, ఇసకేసి రుద్దినా. అడుగున ఏవో పాత నీళ్లుంటే పారబోసి, లోపలికంటా పోయి తేట నీళ్లు ముంచుకొచ్చినా. ఊరికి తీసుకపోనీకే కదా తెచ్చుకున్నావు? ఖాళీ బిందెతో పోతావని నేనే నింపితి."

రత్నమణి బిడ్డతో సహా ఉన్నచోటే కూలబడింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారిపోయాయి.

"ఏమైందే? నేనేం చేస్తి?" అంటూ ముసలామె బిత్తరపోయింది.

ఏసేపు దూరం నుంచే చూసి పరుగున వచ్చాడు. తడిసిన నేలనూ, మెరుస్తున్న బిందెనూ చూస్తే అతనికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. నిలబడే సంగతంతా లక్ష్మక్కకు చెప్పాడు. ఆమె వింటూ వింటూ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఆమెకు కోపం వచ్చింది.

"మా నీళ్లకేమప్పా? ముగ్గురు మొగపిల్లల్ని ఈ నీళ్లతోనే సాకితి. ఒకొకడు ఎద్దు మాదిరుండాడు. ఇంత చెరువు ముందర పెట్టుకొని పిల్ల నాలుక ఎండబెడతారా?"

"నీ బిడ్డలు ఈ నీళ్లకే పుట్టినారవ్వా" అంది రత్నమణి ఎక్కిళ్ల మధ్య. "నా బిడ్డ వేరే నీళ్లకు పుట్టింది. ఆదోనిలో నా చేతుల్లోనే పోతా పోతా నిలిచింది. నీకు తెలీదు."

సంతోషమ్మ తల్లి గడ్డం పట్టుకుని, "అమ్మా, నీళ్లు" అంది.

ఊళ్లోకి పోయి అడుగుదామా అంటే, ఎవరి బావి దగ్గరకు పోవచ్చో, ఎవరి బావి దగ్గర నిలబడితే ఏమంటారో తెలియని ఊరు. ఏసేపు తల గోక్కున్నాడు. లక్ష్మక్క ఒక్క క్షణం బిడ్డ వైపు చూసి, లేచి, కుండలో శెనక్కాయలు తట్టలో గుమ్మరించింది. కుండ కడిగి, బిందెలో నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టింది. కొంగు ముడిలోంచి చిటికెడు వాము తీసి వేసింది.

"మరిగిచ్చి చల్లారబెడతా. నువ్వు ముందు తాగు. నీకేం గాకపోతే పిల్లకియ్యి. సరేనా?"

రత్నమణి తలూపింది. బిడ్డను ఏసేపు ఆడించడానికి తీసుకుని పోయాడు. ఇద్దరాడవాళ్లూ పొయ్యి దగ్గర కూర్చున్నారు. లక్ష్మక్క ఊదుగొట్టంతో మంట ఊది, పొగకు కళ్లు చిట్లించి, మెల్లగా అంది.

"మొగపిల్లల కంటే ముందర ఒక ఆడపిల్ల. నీ పిల్లంత అయింది. కట్ట దాటి అవతలికి ఎరుగదు. ఇంకో ఊరి నీళ్లు దాని నోట పడిందే లేదు. ఈ చెరువు నీళ్లే, నా చేతి నీళ్లే. అయినా పోయింది. మారిన నీళ్లంటావు నువ్వు. మారని నీళ్లకు ఏమని చెప్పుకునేది నేను?"

రత్నమణి ముసలామె చేతిలోంచి ఊదుగొట్టం తీసుకుని తాను ఊదింది. మంట రేగింది.

"ఆ పాప పేరేమిటవ్వా?"

"పుల్లమ్మ" అంది లక్ష్మక్క. "శానా మాటలు మాట్లాడేది." కుండ కింద పుల్ల ఎగదోసి నవ్వింది. "నాకు ఇప్పటికీ చెరువు మీద కోపం రాలే. ఎవురి మీద కోపం తెచ్చుకోవాల్నో తెలీక శెనక్కాయలు ఉడకేసుకుంటాండా."

నీళ్లు మరిగాయి. లక్ష్మక్క ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి ఎత్తి ఎత్తి పోసి చల్లార్చింది. ఆవిరి తగ్గింది. వేలు ముంచి చూసి, "ఇంక తాగు" అని చెంబు రత్నమణికి అందించింది.

అప్పుడే కింద నుంచి కిలకిలా నవ్వు వినిపించింది.

ఏసేపు గట్టున రాయి మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాడు. అతని వీపు వెనక సంతోషమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉంది. రెండు చేతులూ దోసిలిపట్టి నీళ్లు ఎత్తి, మూతిని దోసిట్లో దూర్చి, గుటగుటా తాగుతోంది. సగం నీళ్లు గౌను మీద పడుతున్నాయి. ఆ దోసిలి అయిపోతే ఇంకో దోసిలి. తల ఎత్తి తల్లిని చూసి, గడ్డం నుంచి నీళ్లు కారుతుండగా నవ్వింది.

ఏసేపు వెనక్కు తిరిగి, చూసి, కొయ్యబారిపోయాడు. భార్య ఏమంటుందోనని ఆమె ముఖం వంక చూశాడు.

రత్నమణి చెంబుతోనే కిందికి నడిచింది. బిడ్డను లాగి గట్టున పడేస్తుందనుకున్నాడు ఏసేపు. ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, నీళ్లలోకి దిగి, బిడ్డ పక్కన నిలబడింది. పాదాల కింద మెత్తటి ఒండు. నీళ్లు చల్లగా ఉన్నాయి. బిడ్డ కడుపు మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా, నిండుగా ఉంది. నీళ్లు పడ్డాయా లేదా అనేది ఇప్పుడే తెలిసేది కాదు. ఆ సంగతి ఆమెకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేరు.

"మరి ఆ చెంబు నీళ్లేం చేస్తావే? కష్టపడి కాగబెడితి" అంది కట్ట మీద నుంచి లక్ష్మక్క.

రత్నమణి చెంబెత్తి ఆ వామునీళ్లు తానే తాగేసింది. మూతి తుడుచుకుని తలెత్తింది.

ఎదురుగా కొండల కాళ్ల దాకా నీళ్లు. నడుమ ఒక దిబ్బ, దాని మీద పచ్చగా చెట్లు, చెట్ల మీద తెల్లని కొంగలు. గాలి వచ్చినప్పుడల్లా నీళ్ల మీద ఎండ ముక్కలు ముక్కలుగా విరిగి, మళ్లీ కలుస్తోంది. ఎక్కడో దూరాన చేపలవాళ్ల పుట్టి ఒకటి నల్లటి చుక్క మాదిరి తిరుగుతోంది. పొద్దుటి నుంచి ఇదంతా ఇక్కడే ఉంది.

ఏసేపు మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. పంచె తడుస్తున్నా పట్టించుకోలేదు. ఇద్దరి మధ్య బిడ్డ నీళ్లను అరచేత్తో టపటపా కొడుతోంది.

కట్ట మీద నుంచి జట్కా సాయిబు కేకేశాడు. "ఏమప్పా, పోదామా? గుర్రానికి మేత టైమైంది. మీ రైలుకూ టైమైతాది."

ఏసేపు బిడ్డను ఎత్తుకోవడానికి వంగాడు. రత్నమణి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొంచెం సేపు ఉండమనయ్యా" అంది. "నేనింకా చూడలేదు."