గంజి పెట్టిన దీపపు గుడ్డ

నేను ఒక గుడ్డముక్కను. అప్పుడే మొహం చిట్లించకండి. మీ ఇళ్లలో గుడ్డముక్కలకు దక్కే మర్యాద ఏపాటిదో నాకు తెలుసు. కానీ నేను పదకొండేళ్ల పాటు ఒక లైట్‌హౌస్ అద్దాలు తుడిచిన గుడ్డను. సముద్రం మీద ఎంతమంది నా పుణ్యాన ఇల్లు చేరారో వాళ్లకే తెలియదు, ఇక మీకేం తెలుస్తుంది?

పుట్టింది పొందూరు దగ్గర ఒక మగ్గం మీద. ఆకుపచ్చ అంచు తెల్ల చీరగా పుట్టి, తవిటమ్మ అనే పంతులమ్మ ఇంటికి చేరాను. ఆవిడ నన్ను కట్టుకుని ఎక్కాలు చెప్పింది, సుద్దముక్క పట్టిన చేతిని నా కొంగుకే తుడిచింది. మనుషుల్లో ఒక వింత చూశాను. కొత్త బట్టను నెత్తిన పెట్టుకుంటారు. అది ఉతికి ఉతికి మెత్తబడి, ఒంటికి హాయిగా అమరే వేళకు పాతదైపోయిందంటారు. అదే తమకు వయసు పైబడితే మాత్రం అనుభవం పండింది అంటారు.

నా అనుభవం పండిన చోటు గువ్వలమెట్ట. అది తీరానికి గంటన్నర పడవ ప్రయాణం దూరంలో ఉన్న రాతి దీవి. చుట్టూ నడిచి రావడానికి ఒక చుట్ట కాలేంత సేపు చాలు. అక్కడి లైట్‌హౌస్‌కు ఒకప్పుడు జీతగాళ్లు ఉండేవారు. తర్వాత యంత్రం పెట్టారు. చీకటి పడితే దీపం దానంతటదే వెలుగుతుంది, తెల్లారితే ఆరుతుంది. అయితే యంత్రానికి వెలగడం వచ్చు కానీ మొహం కడుక్కోవడం రాదు. రోజూ ఉప్పుగాలి వచ్చి అద్దాల మీద పొర కడుతుంది. ఆ పొర తుడవడానికి, దీవిని కనిపెట్టుకుని ఉండడానికి జీతం అడగని మనుషులు కావలసి వచ్చారు. ఉద్యోగాలు ముగించిన కొందరు సంఘం కట్టి, వంతుల వారీగా వచ్చి మూడేసి నెలలు కాపలా ఉండసాగారు. మొదటి వంతు తవిటమ్మదే. కొత్త గుడ్డ నూగు వదులుతుంది, అద్దాన్ని గీస్తుంది. అందుకని ఆవిడ తన పెట్టెలోంచి నన్ను తీసి, కొంగు చించి, అద్దం తుడిచింది. అప్పటి నుంచీ వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు మూడు వస్తువులు అప్పగించడం ఆనవాయితీ అయింది: తాళాలు, రిజిస్టరు, నేను.

ఎన్నో చేతులు మారాను. ఒక బ్యాంకు మేనేజరు నాతో అద్దం తుడుస్తూ తన చుట్టాలందరినీ తిట్టేవాడు. ఒక నర్సమ్మ పాటలు పాడేది. చివరికి సన్యాసినాయుడు, వరహాలమ్మ దంపతుల చేతికి వచ్చాను. నాయుడు టెలిఫోన్ స్తంభాలెక్కి ముప్పై నాలుగేళ్లు పనిచేసి దిగిన మనిషి. వరహాలమ్మ ఆ ముప్పై నాలుగేళ్లూ ఆయన బదిలీల వెంట తొమ్మిది ఊళ్లు తిరిగి, తొమ్మిది వంటిళ్లు సర్దింది. ఎక్కడా ఆవిడ పేరు ఏ కాగితం మీదా ఎక్కలేదు, రేషన్ కార్డు మీద తప్ప. గువ్వలమెట్ట రిజిస్టరులో మాత్రం వాళ్ల వంతు మొదలైన పేజీలోనే ఉంది: 'కీపర్లు: సన్యాసినాయుడు, వరహాలమ్మ.' వచ్చిన మొదటివారం ఆవిడ రోజుకొకసారి ఆ పేజీ తెరిచి చూసుకునేది, తారీఖు కోసమని వంక చెప్పి.

వాళ్ల రోజులు భలే గడిచేవి. పొద్దున్నే మెట్ల మీద పక్షుల రెట్టలు ఊడ్చేవారు. వాన కొలిచే డబ్బాలో నీళ్లుంటే ఆమె కొలిచి చెప్పేది, ఆయన రాసేవాడు. గాలి ఎటు వీస్తోందన్న దాని మీద రోజూ పోట్లాట. సాయంత్రం అయిదింటికి నూట పద్నాలుగు మెట్లెక్కి ఇద్దరూ అద్దాలు తుడిచేవారు. పైభాగం ఆయన, కింది భాగం ఆవిడ, మధ్యలో నేను. దిగేటప్పుడు ఆయన మోకాళ్లు మూలిగేవి, ఆవిడ నవ్వేది.

మూడు నెలలూ ముగియవచ్చాయి. ఇంకో ఏడాది ఉంటామని సంఘానికి రాసుకున్నారు. శుక్రవారం నాడు లైట్‌హౌస్‌ల పెద్ద ఆఫీసరు దివాకర్ గారు వచ్చి చూసి, సంతకం పెడితే ఉండనిస్తారు. కీపర్ల పొరపాటు వల్ల దీపం ఒక్క గడియ మసకబారినా సరే, ఆ వంతు అంతటితో ఆఖరు. ఇది సంఘం నియమం. నాయుడుకి ఇల్లయినా ఒకటే, దీవి అయినా ఒకటే. వరహాలమ్మకు మాత్రం ఉండిపోవాలని ఎంత ఆశగా ఉందో తుడిచేటప్పుడు ఆవిడ వేళ్లలో నాకు తెలిసేది. ఆ ఆశే కొంప ముంచింది.

బుధవారం చాకిరేవు పెట్టింది. ఆఫీసరు కంటికి అంతా పొందికగా కనబడాలని ఆయన పంచెలు, తన చీరలు, దిండు గలీబులు, కిటికీ తెరలు ఉతికి అన్నింటికీ గంజి పెట్టింది. చివర్న నన్ను చూసింది. నేను నలిగిపోయి, పీలికలా వేలాడుతున్నాను. జాలిపడింది కాబోలు, నన్ను కూడా ముంచింది. పదకొండేళ్లలో నా మీద సబ్బు పడలేదు, కిరసనాయిలు పడలేదు. అవి వాడవద్దని ప్రతివాళ్లూ తర్వాతివాళ్లకు చెప్పేవారు. గంజి సంగతి ఎవరూ చెప్పలేదు, తుడుపుగుడ్డకు గంజి పెట్టే ఇల్లాలు ఉంటుందని ఎవరు కలగంటారు? ఎండకు అప్పడంలా బిర్రబిగిశాను. నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త గర్వంగానే ఉండింది, చాలా ఏళ్లకు చీరనయినట్టు.

అయిదింటికి నన్ను తడిపి, పిండి, అద్దాలు తుడిచారు. తడి మీద ఏమీ తేడా తెలియలేదు. ఆరుంబావుకి దీపం వెలిగింది. వంటింట్లోని వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. రోజూ వాళ్లకు చేపలిచ్చి పోయే ఎల్లాజీ పడవలోంచి మాట్లాడుతున్నాడు.

"ఏటి నాయుడుబావూ, దీపానికి కంట్లో పువ్వేసిందేటి? మసగ్గా అవుపిస్తంది. రాళ్ల సందు ఎక్కడుందో తెలీడం నేదు. మేం ఏడు పడవలున్నాం."

నాయుడు అప్పటికే మెట్లెక్కుతున్నాడు. వరహాలమ్మ ఎన్నడూ ఆ సెట్టు ముట్టుకుని ఎరగదు. అయినా మీట నొక్కింది.

"నాయుడుగారి ఇంటావిడ్ని మాటాడతన్నాను. మీరు సందులోకి రావద్దు బాబూ. అక్కడే ఆగండి. అరగంటలో సేసేస్తాం."

పైనుంచి నాయుడు కేక వేశాడు. "వరాలూ, అద్దమంతా జిగురే. ఏటి రాసినావు దీనికి?"

ఆవిడకు అప్పుడర్థమైంది. గంజి కరగాలంటే మంచినీళ్లు కావాలి, ఉప్పునీళ్లు పనికిరావు. వానతొట్టి ఎండిపోయి నెలయింది. చాకిరేవుకు పోగా, శుక్రవారం పడవ వచ్చేవరకు తాగడానికి మిగిలినవి మూడు బిందెలు. ఆవిడ ఆలోచించలేదు. ఒక బిందెడు నీళ్లలో నన్ను నాలుగుసార్లు జాడించి పిండింది. నాకు నడుము విరిగిందనుకోండి. రెండో బిందె పైకి మోశారు. నేను తడితో జిగురు వదిలించాను. మరి పొడిగా తుడవడానికో? దీవి మీద ఉన్న ప్రతి గుడ్డకూ గంజే. చివరికి నాయుడు ఒంటి మీది బనియను విప్పాడు. బనియనుకు గంజి పెట్టాలని వరహాలమ్మకు తోచకపోవడం గుడ్డిలో మెల్ల. ఆరూ యాభైకి అద్దం తళతళలాడింది. ఏడు దీపాలు వరసగా రాళ్ల సందు దాటడం ఇద్దరూ నిలబడి చూశారు, ఒకరు చెమటతో, ఒకరు కన్నీళ్లతో.

కిందికి దిగాక నాయుడు రిజిస్టరు తెరిచాడు. "ఉప్పుగాలి ఎక్కువై మసకేసిందని రాసేస్తాను. ఎవడికి తెలుస్తాది?"

"ఉప్పుగాలి మీద నింద ఎందుకండి? సేసింది నేను. నేనే రాస్తాను, ఇలా ఇవ్వండి."

"పంపించేస్తారే."

"పంపిస్తే ఎల్తాం. ఇన్నాళ్లకి నా పేరు ఒక పుస్తకంలో ఎక్కింది. అబద్ధం పక్కన ఉండకూడదు."

గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాసింది: 'ఆరుంబావు నుంచి ఆరూ యాభై దాకా దీపం మసక. ఏడు పడవలు ఆగిపోయాయి. కారణం, తుడుపుగుడ్డకు గంజి పెట్టాను. వరహాలమ్మ.'

శుక్రవారం దివాకర్ గారు వచ్చారు. ఎండలో మెట్లెక్కి దిగి, మంచినీళ్లు అడిగారు. వరహాలమ్మ అరగ్లాసు ఇచ్చింది. ఆయన ఆ అరగ్లాసు వంక, ఆవిడ వంక చూసి, అవమానం దిగమింగి రిజిస్టరు తీశారు. ఆ పేజీ దగ్గర ఆగారు. చాలాసేపు చదివారు, ఉన్నది నాలుగు ముక్కలే అయినా.

"ముప్పై అయిదు నిమిషాలు. ఏడు పడవలు. వీటిలో ఒకటి రాయికి కొట్టుకుని ఉంటే ఏమయ్యేదో తెలుసా అమ్మా?"

"తెలుసండి. రెండ్రోజులుగా అదే తెలుస్తంది."

"అద్దం దేనితో కడిగారు?"

"తాగే నీళ్లతోనండి. అందుకే మీకు అరగ్లాసు."

ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టారు. "పదకొండేళ్లుగా ఈ రిజిస్టరు చూస్తున్నాను. ప్రతి పేజీలో 'అంతా సవ్యం' అనే ఉంటుంది. పదకొండేళ్లపాటు సముద్రం మధ్యన అంతా సవ్యంగా ఉందంటే ఎవడు నమ్ముతాడు? నేను నమ్మిన మొదటి పేజీ ఇది. నియమం నేను చూసుకుంటాను." జేబులోంచి కాగితం తీశారు. "ఏడాదికి ఒక్కరే హెడ్ కీపరుగా ఉండాలి. ఎవరి పేరు రాయమంటారు?"

నాయుడు కాగితాన్ని పెళ్లాం వైపు జరిపాడు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది.

ఆనాటి నాలుగు జాడింపులకు నా నడిమధ్య చిరుగు పడింది. పైన అద్దాల పనికి వరహాలమ్మ తన పాత చీరలోంచి కొత్త ముక్క చింపుకుంది. నన్ను పారేయలేదు. ఇప్పుడు నేను వంటింట్లో వేడి గిన్నెలు దించే మసిగుడ్డను. పదవి తగ్గిందని మొదట కొంచెం కష్టంగా అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఇక్కడి కాలక్షేపమే వేరు. ఈ వంటింటికి ఇప్పుడు యజమాని నాయుడు. వంట ఆయనకు ఇంకా సరిగ్గా పట్టుబడలేదు. సాయంత్రం నాతో టీ గిన్నె దించి, మెట్ల కింద నిలబడి, "వరాలూ, టీ సల్లారిపోతంది, దిగవే" అని పిలుస్తాడు.

నూట పద్నాలుగు మెట్ల పైనుంచి జవాబు వస్తుంది, ముప్పై నాలుగేళ్లు ఆయన ఫోనులో ఆవిడకు చెప్పిన జవాబే:

"ఉండండి. డూటీలో ఉన్నాను."