మారమ్మ కన్ను పడిన కారు

ఆండర్సన్‌పేటలో తెల్లవారేది కోడికూతకు కాదు, బెంగళూరు రైలుకు. బంగారు గనులు మూతపడినాక ఊళ్ళో సగంమంది బతుకు ఆ రైలుకే కట్టేసి ఉంది. ఇంకా మసకచీకటి ఉండగానే డబ్బాలు సర్దుకుని, తడి జడలతో, సగం గుండీలు పెట్టుకున్న చొక్కాలతో జనం మారికుప్పం స్టేషనుకు పరుగెత్తేవాళ్ళు. ఆ జనంలో సుప్రీత ఒకతె.

"పెరుగన్నం మధ్యాహ్నమే తినేసెయ్. సాయంత్రం దాకా పెట్టుకుంటే పులిసిపోతాది," అని గేటు దగ్గర డబ్బా అందించేది తల్లి కుముద.

"రైల్లో తలుపు దగ్గర నిలబడొద్దు," అని లోపల మంచం మీదనుంచి తండ్రి బదరీనాథ్ అరిచేవాడు. ఆయన గని ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనాడు. గని మూతపడింది గాని ఆయన సలహాలు మూతపడలేదు.

సుప్రీత పనిచేసేది పెద్ద కంపెనీలకు ముందుముందు ఏమవుతుందో చెప్పే ఆఫీసులో. దాన్ని జాతకం అని మాత్రం అనకూడదు, రిపోర్టు అనాలి. సబ్బుల కంపెనీకి, బిస్కెట్ల కంపెనీకి, చెప్పుల కంపెనీకి ఆమె రిపోర్టులు రాసింది. ఈసారి వచ్చింది బెల్‌కోర్తి అనే కార్ల కంపెనీ. నేలకు బల్లిలా అతుక్కుని, పులిలా అరుస్తూ పోయే కార్లు. ధర అడిగేవాళ్ళు కొనరు, కొనేవాళ్ళు అడగరు. ఆ కంపెనీ వాళ్ళడిగింది ఒకటే: ఇంకో ముప్పై నలభై ఏళ్ళకు మేము ఉంటామా, పోతామా?

వాళ్ళ దిగులులో న్యాయముంది. పెట్రోలు రోజులు అయిపోతున్నాయి. బ్యాటరీ పెడితే పాల వ్యాను కూడా లేడిపిల్లలా దూకుతుంది. ఆ తర్వాత కార్లు తమంతట తామే నడుస్తాయంటున్నారు. అప్పుడు ఇంత డబ్బు పోసి అరిచే కారు కొనేదెవరు?

"ఇది బాగా చెయ్యి సుప్రీతా," అన్నాడు మేనేజరు అనంతకృష్ణ, కళ్ళలోకి చూడకుండా. "వచ్చే ఏడాది నుంచి రిపోర్టులన్నీ మెషీనే రాస్తుందట. నీకు ఇదే ఆఖరిదేమో."

అంటే కార్ల కంపెనీకి, తనకు ఒకటే ప్రశ్న అన్నమాట. సుప్రీత పట్టుదలగా కూర్చుని గీతలు గీసింది, పటాలు కట్టింది. బెల్‌కోర్తి కంపెనీకి ఇండియా పెద్ద అమోఘ్ అనే ఆయన. అవన్నీ తిరగేసి పక్కన పెట్టేశాడు.

"ఇవి మా దగ్గర గదినిండా ఉన్నాయండీ. జనానికి దీని మీద ఆశ ఉంటుందా, చచ్చిపోతుందా? అదొక్కటి చెప్పండి చాలు."

ఆ సాయంత్రం రైల్లో నిలబడి, ఎవరి మోచెయ్యో డొక్కలో పొడుస్తుండగా సుప్రీతకు మారమ్మ గుర్తొచ్చింది.

మారమ్మది ఎదురిల్లు. ఆమె భర్త చాంపియన్ గనిలో పనిచేసి చనిపోయినాడు. ఆమె కంటికి ఏదైనా వస్తువు నిజంగా నచ్చిందంటే అది పగులుతుంది. గుమ్మడికాయైనా, గ్రైండరైనా అంతే. మనుషుల్ని మాత్రం ఆ కన్ను ముట్టదు. వీధిలో ఎవరూ దీనికి భయపడరు, వింతగానూ చూడరు. సరుకు మంచిదో కాదో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి యాడుండాది? కొత్త మిక్సీ కొనాలంటే పక్కింటివాళ్ళ మిక్సీ అరువు తెచ్చి ఆమె ముందర పెట్టేవాళ్ళు. జాడీ చీలితే అదే రకం కొనేవాళ్ళు. పక్కింటివాళ్ళు ఎందుకు ఒప్పుకునేవాళ్ళంటే, తమది మంచి మిక్సీ అని వీధంతా తెలియడం వాళ్ళకూ గొప్పే. బట్టల కొట్టు ఆదినారాయణప్ప తెలివైనవాడు. కొత్త రకం చీరలు వస్తే జానెడు ముక్క కత్తిరించి తెచ్చి చూపించేవాడు. ముక్క పర్రున చినిగితే బేళ్ళకు బేళ్ళు తెప్పించేవాడు.

సుప్రీత ఈ సంగతి చెబితే అమోఘ్ నవ్వలేదు.

"మా అమ్మ పుట్టిన ఊరు ఆవని. అక్కడ ఒకామె చూస్తే పాలు తోడుకునేవి," అన్నాడు. "కారు ఎప్పుడు తెమ్మంటారు?"

బెల్‌కోర్తి కొత్త కారు ఆండర్సన్‌పేట చేరడమే ఒక తిరునాళ్ళయింది. అది నేలకు అంత తక్కువ ఎత్తులో ఉంది కాబట్టి రోడ్డు మీది ఒక్క హంపు కూడా దాటలేకపోయింది. ప్రతి హంపు దగ్గరా పదిమంది చేరి, "హైసా" అని పల్లకీలాగా ఎత్తి అవతల దింపారు. బ్యాటరీ కారు కావడంతో చప్పుడు లేదు. వీధిలో పడుకున్న మేక దాన్ని లెక్కచెయ్యక అడ్డం లేవలేదు. చివరికి మేకను కూడా ఎత్తి పక్కన పెట్టారు.

మారమ్మ అరుగు మీద కూర్చుని చేటలో ఉలవలు ఏరుకుంటోంది.

"యాడుండాది బండి?" అంది.

"నీ ముందరే ఉండాది కదమ్మా!" అన్నాడు ఆమె మనవడు, ఆటో తోలే హేమంత్.

మారమ్మ తల ఎత్తింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు కొంగుల కింద, చొక్కాల కింద దాచుకున్నారు. మారమ్మ కారును ముక్కునుంచి తోకదాకా చూసింది. ఏమీ కాలేదు. అమోఘ్ వంగి అద్దాలు తడిమాడు, దీపాలు తడిమాడు, చక్రాల కింద కూడా చూశాడు. ఒక్క గీత లేదు.

"ఏందప్పా, ఇస్త్రీ పెట్టె మాదిరి ఉండాది?" అంది మారమ్మ. "ఎంతమంది కూచోవచ్చు?"

"ఇద్దరమ్మా."

"ఇద్దరేనా! వాళ్ళకు పుట్టినోళ్ళు?"

అమోఘ్ కారు తలుపు తెరిచి చూపించాడు. "అది కాదమ్మా, ఇది తనంతట తానే నడుస్తుంది. మనం చెయ్యి కూడా పెట్టక్కర్లేదు."

"మనం చెయ్యి పెట్టని దానికి అంత దుడ్డు ఎందుకప్పా? రైలు కూడా తనంతట తానే పోతాది. టిక్కెట్టు తీసుకుంటే సాలు."

కారును మళ్ళీ హంపులన్నీ ఎత్తి దాటించి పంపేశారు. అమోఘ్ ముఖం చూసి కుముదకు జాలేసింది. లోపలికి పిలిచి రాగిసంగటి, పులుసు పెట్టింది. ఆయన తిన్నాడు గాని రుచి తెలిసినట్టు లేదు.

తర్వాతి వారం ఆయన కంపెనీదే ఒక పాత పెట్రోలు కారు తెప్పించాడు. రంగు మిరపపండు ఎరుపు. దీన్నీ హంపు హంపుకూ ఎత్తే దింపారు. అది ఇంకా పొరుగునున్న కోరమండల్ పేట దాటకముందే ఆండర్సన్‌పేటలో గిన్నెలు గలగలమన్నాయి. వీధిలో జనమంతా బయటికొచ్చేశారు. మేక దానంతటదే లేచిపోయింది. మారమ్మ చెయ్యి ఉలవల్లో ఆగిపోయింది. ఆమె కళ్ళెత్తి చూసేసరికి ముందద్దం మూలన టిక్కుమని సన్నని బీట.

"వచ్చింది! వచ్చింది!" అని అమోఘ్ ఎగిరినంత పని చేశాడు.

"ఉండప్పా, సంబరపడొద్దు. అది బండికి కాదు, శబ్దానికి," అంది మారమ్మ. "గనిలోనుంచి మనుషుల్ని పైకి లాగే ఇంజను ఇట్లే అరుస్తా ఉండె. ఆ అరుపు వినబడితే మా ఆయన పైకొచ్చినట్టే. పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని."

మారమ్మ చేటలో ఉలవలు ఒకసారి చెరిగింది. ఆమే మళ్ళీ అందుకుంది.

"మా మామ జట్కా తోలేవాడు. బస్సులు వచ్చినాయి. ఊళ్ళో గుర్రాలన్నీ యాడికి పోయినాయో పోయినాయి. హనుమంతప్ప గుర్రం ఒకటే నిలిచింది. ఎందుకు చెప్పు? పెండ్లికొడుకు బస్సెక్కి వీధుల్లో మెరవణి పోడు కదా!"

అమోఘ్, సుప్రీత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన గదినిండా ఉన్న పటాల్లో ఆ గుర్రం లేదు.

హేమంత్ అదే అదను చూసుకున్నాడు. "సార్, ఆదివారం నా పెండ్లి. సాయంత్రం మెరవణికి ఈ బండి ఇస్తారా? పెండ్లికూతురు రత్న వాళ్ళ వీధిలో మా పరువు నిలబడతాది."

అమోఘ్ సరేనన్నాడు.

ఆదివారం సాయంత్రం ఊరేగింపుకు బాజాలవాళ్ళు వచ్చారు. హేమంత్ బాసికం కట్టుకుని కారులో ఎడమవైపు కూర్చున్నాడు. తోలేవాడే లేడు. మారమ్మ కన్ను సంగతి విన్న కంపెనీ డ్రైవరు, కారు తన చేతిలో ఉండగా పగిలితే ఎవరితో మాటపడాలోనని కడుపునొప్పి తెచ్చుకుని ఆదినారాయణప్ప కొట్లో పడుకున్నాడు.

"మీరే తోలండి సార్," అన్నారు అందరూ.

అమోఘ్ సుప్రీతను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పాడు. "నాకు డ్రైవింగు రాదు. ఇది మా కంపెనీలో కూడా ఎవరికీ తెలియదు."

సుప్రీతకు లైసెన్సుంది. ఎప్పుడో బ్యాంకు ఖాతాకు అడ్రసు రుజువు కావాలంటే తీసుకున్నది. ఇన్ని నెలలుగా ఈ కార్ల గురించి రాస్తోంది గాని ఒక్కసారీ ఎక్కలేదు. ఆమె చెప్పులు విప్పి కూర్చుంది.

మొదటిసారి కారు ఎగిరిపడి ఆగిపోయింది. బాజాలు కూడా ఆగిపోయాయి. "క్లచ్చు మెల్లగా వదల్రా," అని బదరీనాథ్ గుంపులోనుంచి అరిచాడు. రెండోసారి కారు గర్జించింది. ఆ గర్జన ముందు ఆమె అరికాలికి తగిలి, మోకాళ్ళు దాటి, కడుపులోకొచ్చి, గొంతులో నవ్వయింది. నడక కన్నా నెమ్మదిగానే పోతున్నారు. ఆ మాత్రానికే ఆమెకు చేతులు పొంగుతున్నట్టుంది. పెద్ద మృగమొకటి తన వేళ్ళ కింద, తన మాట కోసం కాచుకుని ఉంది. ఎడమకంటే ఎడమ. ఆగమంటే ఆగుతుంది. రైలు ఒక్కనాడైనా ఆమె మాట విన్నదా? మేనేజరు విన్నాడా? సుప్రీత పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, జుట్టు విరబోసుకుని మారమ్మ అరుగు ముందరికి వచ్చింది.

మారమ్మ తల ఎత్తింది.

చిక్కుడుకాయ ఒలిచినట్టు చప్పుడైంది. కారు ముక్కునుంచి తోకదాకా నిట్టనిలువునా రెండు చెక్కలైంది. ఎడమ చెక్కలో పెండ్లికొడుకు, కుడి చెక్కలో స్టీరింగు పట్టుకుని సుప్రీత. ఇద్దరికీ గోరంత దెబ్బ లేదు. బాజాలవాళ్ళు ఒక్క క్షణం తడబడి పాట మార్చారు. హేమంత్ బాసికం సర్దుకుని దిగాడు.

"ఇంగ నడిచే పోదాం రాండి. లగ్నానికి లేటవుతాది."

అమోఘ్ రెండు చెక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్నాడు. "చీలింది! అమ్మా, దేన్ని చూసి చీల్చినావు? రంగునా? శబ్దాన్నా? మెరవణినా?"

"బండిని నేను యాడ చూసినాను? ఆ పిల్ల మొగం చూసినాను," అంది మారమ్మ. "పొద్దుమాపులు ఆ రైల్లో నలిగి ఉప్పుపట్టిన మామిడికాయ మాదిరి దిగుతాది. ఈ పొద్దు చూడు, ఎట్ల వెలిగిపోతాండాదో! మనిషిని ముట్టకూడదు గదా, అందుకని పక్కనున్న దానికి తగిలింది."

సుప్రీత రిపోర్టు ఆ వారమే రాసేసింది. గీతలు లేవు, పటాలు లేవు. 'ముప్పై ఏళ్ళ తర్వాత ఎక్కడికైనా చేరడానికి మీ కారు ఎవరికీ అక్కర్లేదు. చేర్చడానికి వేరే బండ్లు ఉంటాయి, వాటంతట అవే పోతాయి. మీరు కొన్నే చెయ్యండి, అరిచేవి చెయ్యండి, మనిషి చెయ్యి పెడితేనే కదిలేవి చెయ్యండి. కొన్నవాడి కొట్టంలో దాచకుండా గంటకింత అని అందరి చేతికీ ఇవ్వండి. మీరు అమ్మేది కారు కాదు, దాన్ని తోలేటప్పటి ముఖం.'

పరాయిదేశంలో ఉన్న కంపెనీ పెద్దలు ముందు కోప్పడ్డారు. అమోఘ్ చీలిన కారును రెండు పెట్టెల్లో పెట్టి పంపించాడు. అంత నున్నటి చీలిక ఏ యంత్రమూ కొయ్యలేదని వాళ్ళ ఇంజనీర్లే ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఎవరూ ఎదురుచెప్పలేదు.

కోరమండల్ పక్కన, గనిమట్టి దిబ్బల కింద ఖాళీగా పడున్న నేలను కంపెనీ బాడుగకు తీసుకుంది. గుండ్రంగా రోడ్డు వేసింది, ఒక్క హంపు కూడా లేకుండా. దాన్ని నడిపే పని సుప్రీతకిచ్చింది. అనంతకృష్ణ ఆఫీసులో ఆమె కుర్చీలోకి మెషీను రానే వచ్చింది గాని, అప్పటికి ఆ కుర్చీలో ఆమె లేదు.

తెరిచిన రోజు ఊరంతా వరస కట్టింది. పాత గని కార్మికులు, బడి టీచర్లు, పూలమ్మే చిన్నవెంకటమ్మ. మారమ్మకు పెద్దపీట వేశారు గాని, వీపు రోడ్డువైపు పెట్టి కూర్చోబెట్టారు. ఆమె ఏమీ అనుకోలేదు, వక్కాకు నములుతూ కూర్చుంది.

వరసలో కుముద కూడా ఉందని సుప్రీత చూసుకోలేదు. తన వంతు రాగానే ఆమె కొంగు బొడ్లో దోపుకుని స్టీరింగు ముందు కూర్చుంది. బదరీనాథ్ ఆదరాబాదరా వచ్చి పక్కసీట్లో చేరి బెల్టు పెట్టుకున్నాడు.

"చూడు కుముదా, ముందు ఎడమకాలు..."

"ఏమండీ."

"చెప్పు."

"దిగండి."

ఆయన కూతురివైపు చూశాడు. సుప్రీత ఆకాశంవైపు చూసింది. ఆయన బెల్టు తీసి దిగినాడు.

కారు ఒక్కసారి తుమ్మి, గర్జించి, ఎర్రమట్టి లేపుకుంటూ దూసుకుపోయింది. మలుపు దగ్గర కుముద నవ్వు ఇంజను చప్పుడును దాటి వినబడింది. ఒక చుట్టు అయింది, ఇంకో చుట్టు అయింది, ఆమె ఆగలేదు.

"మీ అమ్మ ఎప్పుడు నేర్చుకునింది?" అన్నాడు బదరీనాథ్, నోరు తెరిచి చూస్తూ.

"నాకేం తెలుసు నాన్నా."

ఇంకా రెండు చుట్లు చూసి ఆయనే మళ్ళీ అడిగినాడు. "టైము అయిపోలేదా?"

"ఎప్పుడో అయిపోయింది," అంది సుప్రీత. ఆపమని చూపించే ఎర్రజెండా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని మడిచి, కింద వేసుకుని, దాని మీద కూర్చుంది.