అన్నయ్య అమ్మిన కారు

ఆయాసం ఉన్న భర్తను ఎండలో ఆసుపత్రికి తిప్పలేకే ఆమె అన్నయ్య దగ్గర పాత కారు కొంది. కొన్న రోజు ఏసీ వణికించింది. నెల తిరక్కుండానే వేడిగాలి కొట్టసాగింది. ఆయన్ని ఎక్కించుకుని, అన్నయ్య ఎప్పుడూ బాగుచేయించే షెడ్డుకే తీసుకెళ్ళింది.

మెకానిక్ బానెట్ ఎత్తి, పైపు అతుకు మీద సబ్బునురగ రాశాడు. బుడగలు పొంగాయి.

"ఎంత గ్యాసు నింపినా ఇందులోంచే పోతుందమ్మా. పైపు మార్చమని పాత ఓనరుకి అప్పుడే మొత్తుకున్నాను."

"ఏమన్నాడు?"

"కొనేవాళ్ళు చూసుకెళ్ళేదాకా చల్లగా ఉంటే చాలు, గ్యాసు కొట్టెయ్యమన్నాడు. ఎవరి నెత్తిన చెయ్యి పెట్టాడో మహానుభావుడు!"

ఇంతలో ఆమె ఫోను మోగింది. అన్నయ్య.

"ఏమ్మా, కారెలా ఉంది? నువ్వు కాబట్టి ఇచ్చాను. బయటివాళ్ళకైతే ఇచ్చేవాణ్ణే కాదు."

"బాగుంది అన్నయ్యా."

ఆమె వెళ్ళి కారు వెనక తలుపు తీసింది. సీట్లో భర్త ఎక్స్‌రే కవరుతో విసురుకుంటూ ఎగశ్వాస తీస్తున్నాడు.

"మెకానిక్ ఏమంటున్నాడు?"

"పైపుకి చిల్లు పడిందటండీ," అంది అద్దం దించుతూ. "ఈ మధ్యే పడిందట."